మంత్రిగారు కొట్టిన కొబ్బరికాయ

నేను ఒక కొబ్బరికాయను. అందులోనూ కుళ్ళిన కాయను. అప్పుడే ముక్కు మూసుకోకండి. మొన్న మూడు రోజులపాటు టీవీలో నన్ను చూస్తూనే మీరు అన్నాలు తిన్నారు. అప్పుడు రాని వాసన ఇప్పుడొచ్చిందా? ఇంతకాలం మీరు నన్ను చూశారు, ఇక నేను చూసింది చెబుతాను వినండి. నాకున్నవి మూడు కళ్ళు. మీకు లాగా మూసుకోవడం వాటికి చేతకాదు.

పుట్టింది కోనసీమలో. దింపు కార్మికుడు చెట్టెక్కి నన్ను కిందికి తోస్తే, లారీ ఎక్కి వేములదిన్నె బజారులో ఒక పూజాసామగ్రి కొట్టుకు చేరాను. పురపాలక కార్యాలయం అటెండరు జోజయ్య నన్ను చెవి దగ్గర ఆడించి, లోపలి నీళ్ళ చప్పుడు విని కొన్నాడు. ఆయన ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. అయినా ఆఫీసు శుభకార్యాలకు కాయ తెచ్చే పని ఇరవై ఏళ్ళుగా ఆయనదే. చెడ్డ కాయ తెచ్చాడన్న మాట ఒక్కసారి కూడా పడలేదు.

నన్ను కొన్నది కొత్త నీటిశుద్ధి కేంద్రం ప్రారంభోత్సవానికి. పైపులు వేశారు, నీళ్ళు పరీక్షించారు, బ్రహ్మాండమన్నారు. వాల్వు చక్రం తిప్పితే మగ్గాల వీధికి మంచినీళ్ళు. కానీ మన దేశంలో నీళ్ళు పైపులోంచి రావు, మంత్రిగారి చేతిలోంచి వస్తాయి. రిబ్బను తెగందే కొళాయి కదలదు. మంత్రిగారు శుక్రవారం వస్తామన్నారు. రాలేదు. ఇంకో తారీఖు ఇచ్చారు, ఆ రోజు ఎవరిదో పెళ్ళి. మూడో తారీఖుకు ఢిల్లీ. నాలుగోది సిద్ధాంతిగారికి నచ్చలేదు. కొత్త కాయ తెస్తానని జోజయ్య అడిగితే, ఒక పనికని తెచ్చిన కాయను మార్చకూడదనీ, రేపో మాపో వస్తారనీ కమిషనర్‌గారు అన్నారు. అలా నలభై మూడు రోజులు ఆయన గదిలోని ఇనప బీరువాలో ఫైళ్ళ నెత్తిన కూర్చున్నాను. గాలి లేదు, వెలుతురు లేదు. ఫైళ్ళకు అలవాటే. నేను కుళ్ళిపోయాను.

ఆ నలభై మూడు రోజులూ మగ్గాల వీధి పాత పైపు నీళ్ళే తాగింది. ఆ పైపు మురుగుకాలవలో మునిగి తేలుతూ వస్తుంది. ఏడుగురికి పచ్చకామెర్లు అంటుకున్నాయి. ఏడో మనిషి వీరకుమారి, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల. నెలలు ఏడు. గర్భిణికి ఈ కామెర్లు ప్రాణాంతకమని జిల్లా ఆసుపత్రి డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. వీరకుమారి తల్లి అంకమ్మ రోజూ మగ్గం దిగి ఆఫీసుకొచ్చి, ఆ వీధిలో ఇంకా ఇద్దరు కడుపుతో ఉన్నారు, ఆ చక్రమేదో తిప్పండయ్యా అని బతిమాలేది. బీరువాలో ఉన్న నాకు ఆ మాట కంఠతా వచ్చేసింది. కమిషనర్‌గారు మాత్రం నీళ్ళ సంగతి ఎత్తినప్పుడల్లా నీళ్ళు నమిలేవారు. ఆ ఊళ్ళో శుభ్రమైన నీళ్ళు అవొక్కటే.

చివరికి మంత్రిగారు దయచేశారు. నన్ను రాతి మీద ఒక్కటేశారు. రెండు చెక్కలయ్యాను. నల్లటి నీళ్ళు ఆయన ఇస్త్రీ పంచె మీద చిందాయి. అపశకునమని ఎవరో గొణిగారు. మంత్రిగారు చక్రం వంక చూడకుండానే కారెక్కారు. మళ్ళీ ముహూర్తం వచ్చే నెల పదకొండున అన్నారు.

అరగంటలో ఢంకా టీవీలో నేను ప్రత్యక్షం. నా కళ్ళున్న చెక్క చుట్టూ ఎర్రటి గుండ్రం గీసి, ‘కాయా? కుట్రా?’ అని కింద అక్షరాలు పరిగెత్తించారు. కాయ మార్చింది ప్రతిపక్షమేనని అధికార పక్షం. కుళ్ళింది కాయ కాదు, పాలన అని ప్రతిపక్షం. ఆ ఒక్క మాటా బాగానే అన్నారు. ఆ వెంటనే కాయ ఏ జిల్లాదన్న గొడవలో పడి అదీ మరిచారు. స్టూడియోలో సిద్ధాంతి, రిటైరైన పోలీసు అధికారి, రెండు పార్టీల నుంచి చెరొకరు. నలుగురూ ఒక్కసారే అరుస్తుంటే యాంకర్ అందరికంటే గట్టిగా అరిచి దాన్ని చర్చ అంది. కొబ్బరి కోరాముతో కోరినా నాలోంచి అంత తురుము రాలదు.

అంకమ్మ కొళాయి నీళ్ళు సీసాలో పట్టుకుని కెమెరాల దగ్గరికి వచ్చింది. పచ్చగా, అడుగున మడ్డి దిగిన నీళ్ళు. పక్కకు జరగమన్నాడు రిపోర్టరు, ఆమె అడ్డొస్తే కాయ కనపడదట. అంతలో పోలీసులొచ్చి పంచనామా రాశారు. నా చెక్కలో మిగిలిన రెండు చెంచాల నీళ్ళను గాజు సీసాలోకి వంచి, మూతకు లక్క ముద్ర వేసి, పరీక్షకు రాజధానికి పంపడానికి కారులో పెట్టారు.

“ఇయ్యి గూడా సీసాలోనే ఉండాయి గదయ్యా,” అంది అంకమ్మ తన సీసా చూపిస్తూ. “ఆ కారులోనే ఇంత చోటియ్యండి.”

ఎస్సై నవ్వాడు. ఇది కేసులోకి రాదు పొమ్మన్నాడు. కుళ్ళిన కాయ నీళ్ళకు కారు, కుళ్ళిన ఊరి నీళ్ళకు పొమ్మనడం. నాకే కుళ్ళు పుట్టిందంటే నమ్మండి.

మూడో రోజు పొద్దున ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. వీరకుమారి బతికింది. కడుపులో బిడ్డ లేదు.

అంకమ్మ ఏడవకుండా వచ్చి ఆఫీసు మెట్ల మీద నిలబడింది. ఆమె వెనక మగ్గాల వీధి ఆడవాళ్ళంతా ఉన్నారు. అక్కడ అప్పటికే కెమెరాలున్నాయి, కుట్ర మీద కమిషనర్‌గారి వివరణ కోసం; సాక్ష్యంగా నా చెక్కలూ ఉన్నాయి. జోజయ్య ఆ గుంపులోంచి కెమెరాల ముందుకొచ్చాడు.

“కుట్రా లేదు, ఏం లేదు సార్. కొట్టడానికి నలభై మూడు రోజుల ముందు నేనే కొన్నా. మంచి కాయే. మంత్రిగారు నాలుగుసార్లు వాయిదా వేశారు, బీరువాలో మురిగింది. కాయే ఆగలా, మనుషులాగుతారా?”

అంతా విన్నారు. రిపోర్టరు ముఖం వేలాడేశాడు. కుట్ర లేకపోతే ఇంక వార్తేముంది? జోజయ్య జేబులోంచి వాల్వు గది తాళంచెవి తీసి అంకమ్మ చేతిలో పెట్టాడు. నలుగురు ఆడవాళ్ళు వెళ్ళి ఆ గది తెరిచి, చక్రం పట్టుకుని తిప్పారు. పదకొండుంపావుకు మగ్గాల వీధి కొళాయిల్లో అద్దంలాంటి నీళ్ళు. రిబ్బను లేదు, రాహుకాలం చూసినవాడు లేడు.

రిపోర్టరుకు ప్రాణం లేచొచ్చింది. మైకు అంకమ్మ నోటి దగ్గర పెట్టి, మంత్రిగారు ప్రారంభించాల్సింది మీరు తిప్పారు కదా, కనీసం కొబ్బరికాయైనా కొట్టారా అని అడిగాడు.

“కాయ కొట్టలా నాయనా,” అంది అంకమ్మ. “మీరంతా కలిసి కడుపు కొట్టారుగా, అది చాల్లే.”

ఆ ముక్క టీవీలో రాలేదు. సాయంత్రం చర్చ మాత్రం వచ్చింది, మంత్రిగారిని మహిళలు అవమానించారా అని. జోజయ్యను సస్పెండ్ చేశారు. ఆడవాళ్ళ మీద ప్రభుత్వ ఆస్తిలో చొరబడ్డారని కేసు. కుట్ర లేదని తేలాక నాతో పనిలేక, పోలీసులు నన్ను ఊరవతల చెత్తకుప్పలో విసిరేశారు.

ఇక్కడికి మగ్గాల వీధి చెత్త కూడా వస్తుంది. నిన్న నా పక్కన ఒక మూట పడి, ముడి విప్పుకుంది. పుట్టబోయే బిడ్డ కోసం పాత నేతచీరలు చింపి, అంచులు మడిచి కుట్టిన పొత్తిళ్ళు. పన్నెండున్నాయి. ఇక్కడికి కెమెరాలు రావు కనుక నేనే దగ్గరగా చూసి చెబుతున్నాను. ఒక్కదాని మీదా చిన్న మరక కూడా లేదు.