వేడి ఇంజను

ఇచ్చిన మంచినీళ్ళు పుచ్చుకోకుండా, వేసిన కుర్చీ వంక కన్నెత్తి చూడకుండా ఆయన నేరుగా ట్రాక్టరు దగ్గరకు నడిచాడు. బానెట్టు పక్క సందులోంచి చెయ్యి దూర్చి ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు. ఏ బండి దగ్గరైనా ఆయన చేసే మొదటి పని అదే. టైర్లూ, రంగూ, కాగితాలూ అన్నీ ఆ తర్వాతే. పొద్దున ఎనిమిదింటికి చల్లగా ఉండాల్సిన ఇనుము వెచ్చగా తగిలింది.

ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్ళకు తప్ప ఇంకెవరికీ అవసరం పడలేదు. అందరికీ ఆయన వద్దుగారు. పాత ట్రాక్టరో, డీజిలు ఇంజనో, మట్టి ఎత్తే యంత్రమో కొనదలచినవాళ్ళు ముందు ఆయన్ని వెంటబెట్టుకెళ్ళి చూపిస్తారు. ఆయన చూసి, విని, నూనె వాసన పట్టి ఒక్క మాట చెబుతాడు. పదింటిలో ఎనిమిదింటికి ఆ మాట ‘వద్దు’ అనే. ముప్పై ఏళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోలేదు. ఆయన వస్తున్నాడంటే అమ్మేవాళ్ళు మొహాలు మాడ్చుకుంటారు. కొనేవాళ్ళు మాత్రం ఆయన ఊ అనందే అడుగు ముందుకెయ్యరు.

పాత డీజిలు ఇంజను అసలు గుణం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. లోపల రింగులు అరిగినా, పంపు నీరసించినా పొద్దున్నే మొరాయిస్తుంది, దగ్గుతుంది, తెల్లపొగ కక్కుతుంది. అరగంట ముందు ఎవరో తంటాలుపడి దాన్ని ఓసారి నడిపి పెట్టారా, కొనేవాడి ముందు తాళం తిప్పగానే ఎంతో బుద్ధిగా అందుకుంటుంది. కాబట్టి వేడి ఇంజను చూపించేవాడు దొంగ. ఆ దొంగ చెప్పే సంజాయిషీ వినడం టైము దండగ. వద్దుగారి చదువంతా ఇంతే.

దారిలోనే ఇటుకల బట్టీ మనిషి సంగతంతా చెప్పాడు. కొనేది అతనే. ఈ బండి గల పెద్దమనిషి ఇరవై ఆరేళ్ళు ఇదొక్కదాన్నే నడిపి, అందరి పొలాలూ దున్ని బతికాడట. ఇప్పుడు మంచం పట్టాడు, లేచే ఆశ లేదు. కళ్ళు మూసేలోగా బండి మంచి చేతిలో పడిందని వినాలని ఆయన కోరికట. బట్టీ మనిషికి బండి నచ్చింది, మనుషులూ నచ్చారు. ఇక వద్దుగారు ఊ అనడమే తరువాయి.

పెద్దమనిషి భార్య తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, “కూర్చోండి అన్నయ్యగారూ” అంది.

“పొద్దున స్టార్టు చేశారా?” అన్నాడాయన, చెయ్యి ఇంకా ఇంజను మీదే ఉంచి.

“ఒక్కసారి చేశామండీ. అంటే, ఆయనేమో...”

“చాలమ్మా.” చెయ్యి తీసి, బట్టీ మనిషి వైపు తిరిగి, “వద్దు” అన్నాడు.

ఆవిడ చెప్పబోయిన మాట నోట్లోనే ఉండిపోయింది. లోపల కిటికీ దగ్గర ఎవరో చిన్నగా దగ్గారు. వద్దుగారు అప్పటికే గేటు వైపు తిరిగాడు. ఇంజను కింద నూనె చుక్కలు పడడానికి పెట్టిన రేకు డబ్బా ఒకటి ఆయన కంటబడింది. సగానికి పైగా నిండి ఉంది. ఆయన దాన్ని చూశాడు, ఆగలేదు.

బట్టీ మనిషి మోటారు సైకిలు మీద దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. కనీసం స్టార్టు చేసి విందామన్నా వినలేదని అతని బాధ. సరే, బాబాయి మాట అంటే మాటే కాబట్టి రేపు పదింటికి షోరూముకు పోయి కొత్త బండి మాట్లాడుకుంటానన్నాడు. కొత్త బండ్ల మీద వద్దుగారికి కోపం లేదు. లోపల ఇన్ని వైర్లు పెట్టి, ఒక హెచ్చరిక దీపం వెలిగితే చాలు బండి నడిచే దారిలోనే కూలబడేట్టు చేసినవాడి మీద కోపం. అలాగని పాతవన్నీ బంగారమని పాటలు పాడేవాళ్ళన్నా ఆయనకు పడదు. నీళ్ళూ నూనే చూసుకునే మనిషి దొరికిన బండి నలభై ఏళ్ళు నడుస్తుంది, దొరకనిది నాలుగేళ్ళకే మూలపడుతుంది, అందులో పాతా కొత్తా ఏముందని ఆయన వాదన. మామూలుగా అయితే ఇదంతా వెనక కూర్చుని గట్టిగా చెప్పేవాడే. ఇవాళ తన అరచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు.

పదకొండింటికి ఇంకో పని ఉంది. రోడ్ల కాంట్రాక్టరు ఒకాయన పాత యంత్రాలు అమ్మే షెడ్డులో ఒక లోడరు చూసి పెట్టమన్నాడు. షెడ్డు వ్యాపారి నోట్లో చక్కెర పోసుకుని మాట్లాడే రకం. ఇంజను చల్లగానే ఉంది. కానీ ఎక్కడ చూసినా పచ్చరంగు నిగనిగలాడుతోంది. బోల్టుల మీద రంగు, రబ్బరు గొట్టాల మీద రంగు, ఎండిపోయిన మట్టి మీద కూడా రంగు. కింద గచ్చు కడిగి పెట్టారు. వద్దుగారు మామూలుగా మూడుసార్లు తిరిగేది, ఇవాళ ఆరుసార్లు తిరిగాడు. ఏమైనా పారేసుకున్నారా అని కాంట్రాక్టరు అడిగాడు కూడా. చివరికి ఆయన నూనె కొలిచే పుల్ల లాగి, రెండు వేళ్ళ మధ్య నూనె రుద్దాడు. పాకంలా సాగింది. పొగ కనబడకుండా, చప్పుడు వినబడకుండా చిక్కటి నూనె పోసి నోరు మూయించారు దానికి.

“వద్దు” అన్నాడు. వ్యాపారి నవ్వేసి, మీరు గడప తొక్కినప్పుడే అనుకున్నానన్నాడు.

ఆ నవ్వు చూస్తుంటే ఆయనకు పొద్దుటి ట్రాక్టరు గుర్తొచ్చింది. మోసం చేసేవాడు ముందు తుడుస్తాడు. కడుగుతాడు, రంగేస్తాడు. ఇంజను వేడి చేసి పెట్టాలన్న తెలివి ఉన్నవాళ్ళు, సగం నిండిన నూనె డబ్బాను అందరి కళ్ళ ముందూ అలా వదిలేస్తారా? ఆ బండి కుడి మడ్‌గార్డు వేరే రంగులో ఉంది. దానికి నాలుగు చుక్కల రంగు పూయడానికి కూడా ఎవరూ తొందరపడలేదు. మంచం మీదున్న మనిషిని, అదీ ఒక్క మాట కోసం ఎదురు చూస్తున్న మనిషిని, ఇంటికెళ్ళి మరీ దొంగను చేసి వచ్చానా అనిపించింది. ఆ తర్వాత కాంట్రాక్టరు ఏం మాట్లాడాడో ఆయనకు గుర్తు లేదు.

ఇంటికి నడిచే వెళ్ళాడు. ఇంట్లో రెండే కుర్చీలు. ఒకటి భార్యది, రెండోది ఉతికిన బట్టలది. ఆయన కంచం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడే తింటాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ దానికి అలవాటు పడిపోయింది. ఇవాళ మాత్రం కంచంతో గుమ్మం నుంచి పెరటికీ, పెరటి నుంచి గుమ్మానికీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే చూడలేక, ఇవాళ ఏ బండి పట్టుకుందని అడిగింది. ఆయన చెప్పాడు.

“ఎందుకు వేడి చేశారో అడిగారా?”

“అడగను. ఎప్పుడూ అడగలేదు.”

“అడిగితే ఏం పోయింది? నోరున్నది వద్దనడానికేనా?”

 చెప్పడానికి ఆవిడకు తెలియనిది ఏమీ లేదు. ఆయనకు ఇరవై ఏడేళ్ళప్పుడు, మెకానిక్కు షెడ్డులో నాలుగు ముక్కలు నేర్చుకుని సర్వం తెలుసనుకుంటున్న రోజుల్లో, అన్న ఒక పాత ట్రాక్టరు చూశాడు. తమ్ముడు విని, భేషుగ్గా ఉంది తీసుకోమన్నాడు. మధ్యాహ్నపుటెండలో వేడిగా ఉన్న ఇంజను. మర్నాడు పొద్దున అది లేవలేదు. ఆ తర్వాత ఏ పొద్దునా ఒక పట్టాన లేవలేదు. రెండేళ్ళు దాన్ని తోసీ తోసీ అన్న నడుము పడిపోయింది. బండి తుక్కుకు వేసి, అన్న బతికినన్నాళ్ళూ ఎవరివో లారీలు తోలాడు. తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు కనుకే వద్దుగారు ఇప్పటికీ కుదురుగా కూర్చోలేడు.

భార్య ఆయన చేతిలోంచి కంచం తీసుకుంది. “బావగారికి ఆ బండి అంటగట్టినవాడు ఒక్కడు. ఆ ఒక్కడి కోసం ముప్పై ఏళ్ళుగా అందర్నీ దొంగల్ని చేశారు మీరు” అంది. కోపంగా కూడా అనలేదు, ఉప్పు తక్కువైందన్నట్టు మామూలుగా అంది.

ఆయన చెయ్యి కడుక్కుని పక్కమీద వాలాడు, లేచాడు. పనిముట్ల పెట్టెలోని పాత స్పానర్లన్నీ బయటికి తీసి, తుడిచి, మళ్ళీ అందులోనే పడేశాడు. మూడున్నరకు ఇక ఆగలేక బస్సెక్కాడు. ఈ పాటికి ఇంజను చల్లారి ఉంటుంది. వెళ్ళి, ముందు ఆ అమ్మకు క్షమాపణ చెప్పి, అప్పుడు స్టార్టు చేసి వింటాడు. బాగుంటే బాగుందని మంచం పక్కకు వెళ్ళి ఆ పెద్దమనిషితోనే చెబుతాడు. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడి ఈ మాటలే కూడబలుక్కున్నాడు.

ఆ ఇంటి గుమ్మం ముందు చాలా జతల చెప్పులు ఉన్నాయి. వాకిట్లో ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. వద్దుగారికి అర్థమైంది. లోపలికి వెళ్ళే మొహం లేదు, తిరిగి పోయే ధైర్యమూ లేదు. ట్రాక్టరు పక్కన నిలబడిపోయాడు.

కాసేపటికి ఆవిడే బయటికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది గానీ మాట తొణకలేదు.

“సాయంత్రం మీరు వస్తారని చెప్పారు ఆయన. ఇంజను చల్లారాక వస్తాడు చూడు, అన్నారు.”

“ఎప్పుడు జరిగిందమ్మా?”

“రెండింటప్పుడు.”

 ఆవిడ మెల్లగా చెప్పుకొచ్చింది. వారం రోజులుగా పెద్దమనిషి తన బండి చప్పుడు వినలేదు. పోయేముందు ఒకసారి వినాలని ఉందన్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ ఎన్నడూ ఆ సీటెక్కలేదు. కిటికీలోంచి ఆయన చెబుతుంటే పొద్దున ఆవిడే ఎక్కి తాళం తిప్పింది. మొదటి తిప్పుకే అందుకుంది. ఆయన కళ్ళు మూసుకుని పది నిమిషాలు విని, ఇక చాలన్నాడు.

“మీరు వద్దన్నారని చెప్పాను. ఎందుకు అని అడిగారు. వేడిగా ఉందట అన్నాను. నవ్వారు అన్నయ్యగారూ. ఆయన తప్పేం లేదు, నేనైనా అదే మాట అనేవాణ్ణి, అన్నారు.”

వద్దుగారు కంటనీరు పెట్టుకోవడం ఎవరూ చూసి ఉండరు. ఇప్పుడు ఆవిడ చూసింది. చూసి, చేతిలోని మడత కాగితం ఆయనకిచ్చింది. బండి చూడకుండానే వెళ్ళిపోయారు కదా, ఉన్నవన్నీ రాసి ఇద్దాం అని మధ్యాహ్నం ఆయన చెబుతుంటే ఆవిడ రాసిందట. వచ్చీరాని గుండ్రటి అక్షరాలు, అంకెలు వేసి ఉన్నాయి.

ఒకటి, ఎడమ బ్రేకు ఆలస్యంగా పడుతుంది, రెండూ కలిపే తొక్కాలి. రెండు, గంటల మీటరు పదమూడేళ్ళ కిందటే ఆగిపోయింది, చూపించే దానికి రెట్టింపు వేసుకోండి. మూడు, ఒకసారి కాలువలో తిరగబడింది, కుడి మడ్‌గార్డు అందుకే వేరే బండిది. నాలుగు, రెండో సిలిండరు ఒక్కటే బాగు చేయించాం, తక్కినవి మొదటివే. అయిదు, లిఫ్టు బరువెత్తి నిలబెడితే గంటలో బెత్తెడు దిగుతుంది. ఆరు, మూడో గేరు నుంచి రెండుకు వచ్చేటప్పుడు క్షణం ఆగాలి, తొందరపెడితే అరుస్తుంది. అలా పదకొండు ఉన్నాయి. ఒక్కటీ దాచలేదు, ఒక్కటీ పెంచలేదు. పొద్దున తను గంటసేపు పడుకుని, పాకి, విప్పి చూసినా వీటిలో ఆరింటికి మించి పట్టుకునేవాడు కాదని వద్దుగారికి తెలుసు.

ఆయన ఫోను తీసి ఇటుకల బట్టీ మనిషికి చేశాడు.

“రేపు షోరూముకు పోవద్దు. ఇది తీసుకో.”

“మీరే వద్దన్నారు కదా బాబాయ్?”

“తప్పు చెప్పాను.”

 బండి స్టార్టు చేసి చూశారా అని అడిగాడు బట్టీ మనిషి. లేదన్నాడు. మరెలా అంటే, బండి మనిషి అంతా చెప్పాడు, రాసి పెట్టాడు, పొద్దున్నే వచ్చి చదువుకో అన్నాడు. వస్తానన్నాడు బట్టీ మనిషి. ఆ మాట ఆవిడకూ వినబడింది. వినవలసిన మనిషికి మాత్రం ఇక వినబడే దారి లేదు. వద్దుగారు ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ కాగితం చూశాడు. పదకొండు కింద పన్నెండు అని అంకె ఉంది. పక్కన ఏమీ లేదు.

“ఇదేమిటి చెల్లెమ్మా?”

“ఇంకొకటుంది, పన్నెండు వెయ్యి అన్నారు. వేశాను. కళ్ళు మూసుకున్నారు. గుర్తు తెచ్చుకుంటున్నారనుకుని పెన్ను పట్టుకుని కూర్చున్నాను.” కాగితం వంక చూసింది. “చాలాసేపు కూర్చున్నాను అన్నయ్యగారూ.”

లోపలినుంచి ఎవరో పిలిస్తే ఆవిడ వెళ్ళింది. ఆయన కాగితాన్ని ట్రాక్టరు సీటు మీద పరిచి, గాలికి పోకుండా ఒక రాయి పెట్టాడు. పన్నెండు అంకె పక్కన, పెన్ను మొన ఆనించి ఉంచిన చోట, నీలం సిరా ఊరి చింతగింజంత మచ్చ అయింది.