రెండోసారి చెప్పని ఆర్డర్

వడోద్‌లోని మా అకాడమీలో ఆర్మీ ఆఫీసర్లు కావాలనుకునే వాళ్లకు శిక్షణ ఇచ్చేవారు. నేర్పేది ఇద్దరు. ఇద్దరికీ క్షణం పడదు. రిటైరైన సుబేదార్ లింగమూర్తి సాబ్‌ది పాత పద్ధతి. కవాతు చెయ్యాలి, పాఠం కంఠస్థం చెయ్యాలి, సీనియర్ చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. ఎందుకని అడిగితే గ్రౌండ్ చుట్టూ పరుగే. కొత్తగా వచ్చిన మాజీ కెప్టెన్ శ్రీలేఖ మేడమ్ వాటన్నిటినీ కొట్టిపారేసింది. ఎన్నేళ్లు చదివావన్నది నాకెందుకు, ఏం చేతనవుతుందో చేసి చూపించు అనేది. ఆమె మార్కుల కాగితంలో ఒక్కో నేర్పుకి ఒక్కో గడి, చేసి చూపిస్తే టిక్కు. అందులో "తప్పుడు ఆర్డర్‌ను మర్యాదగా కాదనగలడు" అని ఒక గడి ఉండేది. దాంట్లో మా బ్యాచ్‌లో ఒక్కరికీ టిక్కు పడలేదు. నితిన్‌కైతే జన్మలో పడదనుకున్నాం. వలస వచ్చిన తెలుగు నేతపనివాళ్ల పేట లింబాయత్‌లో, మగ్గాల చప్పుడులో పెరిగినవాడు, సాబ్ దగ్గినా అటెన్షన్‌లో నిలబడేవాడు. వాణ్ని నేను ఏడిపించని రోజు లేదు.

2021 ఏప్రిల్‌లో లింబాయత్‌లోని ఒక బడిని కోవిడ్ సెంటర్‌గా మార్చారు. సాబ్‌తో, మేడమ్‌తో సహా మమ్మల్ని వాలంటీర్లుగా తీసుకున్నారు. ఆక్సిజన్ మంచం ఖాళీ అయినప్పుడల్లా, టోకెన్ వరసలో ముందున్న మనిషిని లోపలికి పంపాలి. ఆ పని నితిన్‌ది, గేటు దగ్గర. మేడమ్ తన మార్కుల కాగితాలు అక్కడికీ తెచ్చుకుంది. జనం చస్తుంటే ఈవిడకు పరీక్షలేమిటని నాకు ఒళ్లు మండిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం నితిన్ వాళ్ల నాన్న రాజమల్లు ఆటోలో వచ్చాడు. ఆయన ఒళ్లో నితిన్ అమ్మ లింగవ్వ. పెదాలు నీలంగా మారాయి, ఊపిరి అందడం లేదు. టోకెన్ ఇచ్చారు గానీ ముందు చాలా ఆటోలున్నాయి. అప్పుడే లోపల ఒక మంచం ఖాళీ అయింది. వరసలో మొదటివాడు ఒక మరాఠీ ముసలాయన. ఆయన ఆయాసపడుతూనే కూతురితో మాట్లాడుతున్నాడు.

"కొడుకా, అమ్మను జర లోపలికి తీస్కపో. నీ కాల్మొక్త," అన్నాడు రాజమల్లు.

నితిన్ గేటు కడ్డీ వదల్లేదు. "నంబర్ వాళ్లది నాయినా."

సుబేదార్ సాబ్ ముందుకొచ్చారు. రూలు దాటమని ఆయన చెప్పగా నేను విన్నది ఆ ఒక్కసారే.

"నితిన్! గేటు తీయ్. మీ అమ్మను లోపలికి పంపు."

నితిన్ సెల్యూట్ చేశాడు.

"ఈ ఆర్డర్ తప్పు సాబ్. ఆయన గూడ ఎవరికో నాయిననే గద. నేను మా అమ్మకు తియ్య."

సర్వీసు మొత్తంలో సాబ్ ఏ ఆర్డర్‌నూ రెండోసారి చెప్పలేదు. రెండుసార్లు చెబితే అది ఆర్డర్ కాదు, బతిమాలుకోవడమని మాకు నేర్పింది ఆయనే. ఆ అలవాటే అప్పుడూ ఆయన నోరు నొక్కేసింది. నితిన్ గేటు తీసి ముసలాయన్ని లోపలికి పంపాడు. మేడమ్ ఆ గడిలో టిక్కు పెట్టడం నేను చూశాను. ఏడుస్తూనే పెట్టింది. ఆ ఏడుపు చూసి కూడా నాకు జాలి కలగలేదు.

ఇంకో మంచం ఖాళీ అయ్యేలోపే లింగవ్వ ఆటోలోనే ప్రాణం విడిచింది.

జూన్‌లో నితిన్‌ను బ్యాచ్ లీడర్‌ని చేశారు. బ్యాడ్జి పెట్టేది సుబేదార్ సాబ్. మేడమ్ చప్పట్లు కొట్టమంటే అందరూ కొట్టారు. పళ్లెం పట్టుకుని పక్కనే ఉన్న నాకు మాత్రం వాడి మాట వినపడింది.

"నాకు తియ్యాలనే ఉండె సాబ్. మీరు ఇంకొక్కసారి అంటే తీసేటోన్ని. ఎందుకనలే?"

సాబ్ బ్యాడ్జి తిరిగి నా పళ్లెంలో పెట్టేసి, అందరి ముందూ నితిన్‌కు రెండు చేతులూ జోడించారు.