గాలిలో ఆరు గంటలు

జైతున్ బీ మోండా మార్కెట్ వెనక గాజులమ్మేది. భర్త లేడు. ఒక్కతే కూతురు, నజ్మున్నీసా. గాజుల పెట్టెలు నా జట్కాలోనే వచ్చేవి. నన్ను అన్నా అనేది.

నజ్మకు మొదట నాందేడు సంబంధం వచ్చింది. జైతున్ వద్దంది.

"రాత్రి రైలెక్కితె తెల్లారుతది. బిడ్డకు పానం బాగలేదంటె నేనెప్పుడు పోవాలె?"

తర్వాత సంబంధాలు కుదిర్చే ఫకీరు కరాచీ గుమాస్తా మాట తెచ్చాడు.

"బేగంపేటల విమానం ఎక్కుడు, బొంబాయిల మారుడు. గాలిల అంత కలిపి ఆరు గంటలు," అన్నాడు.

"ఆరే? నిజామాబాద్ రైలు సుత గంతే గద!"

దూరమంటే ఆమెకు గంటలే. మాకందరికీ అంతే. మైళ్లు ఎవరు కొలిచారు?

నలభై ఎనిమిది జనవరిలో పెళ్లి చేసి పంపింది. బజారంతా ఆమెను ఆటపట్టించింది.

"కరాచీ అత్తా, నడుమ ఏమేం స్టేషన్లొస్తయ్?"

"మబ్బుపల్లి, చుక్కలగూడెం. నిన్ను ఎక్కనియ్యరు తియ్, నీ బరువుకు విమానం కిందికొస్తది."

వేసవిలో కరాచీ నుంచి బొంబాయి మీదుగా వచ్చిన ఒకాయన నజ్మకు నెల తప్పిందని చెప్పాడు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఏడో నెలలో తల్లి వెళ్లి తెచ్చుకోవాలి. రెజిమెంటల్ బజార్‌లో మంత్రసాని రోసమ్మకు జైతున్ అప్పుడే చెప్పి పెట్టింది, డిసెంబరులో ఇంకో పిలుపు ఒప్పుకోవద్దని.

వానలు పడేసరికి సర్కార్ల మధ్య పేచీ ముదిరి విమానాలు ఆగిపోయాయి. సెప్టెంబరులో పోలీస్ యాక్షన్. మిలిటరీ బండ్లు మా రోడ్డు మీదే వెళ్లాయి. నిజాం సర్కారు లొంగిపోయింది. ఆ రోజుల్లో తురకల ఇళ్ల తలుపులు పగలు కూడా తెరిచేవారు కారు. జైతున్ ఒక్కతే తలుపు తీసి వచ్చి నా బండి దగ్గర నిలబడింది.

"వీరన్నా, బేగంపేట పోదాం. కొట్లాట అయిపాయె గద. ఇగ విమానాలు నడుస్తయ్."

"జెర ఆగు చెల్లే, దినాలు బాగలేవు."

"ఏడో నెల ఆగుతదా?"

బండి కట్టాను.

ఏరోడ్రం గేటు దగ్గర సిపాయి ఆపాడు. లోపలి నుంచి యేసుదాసు అనే గుమాస్తా వచ్చాడు. మెత్తగానే మాట్లాడాడు.

"కరాచీకి లేవమ్మా. అది వేరే దేశమాయె. మీ అమ్మాయి రావాలన్నా పర్మిట్ కావాలె."

"పర్మిట్‌కు ఎన్ని గంటలు పడ్తది?"

అతను నవ్వలేదు. "గంటలు కాదమ్మా. ఇస్తరో ఇయ్యరో సుత తెల్వదు."

"దూరమెంత నాయనా?"

"తొమ్మిది వందల మైళ్లుంటది."

బండి వెనక్కి తిప్పాను. ప్యారడైజ్ సినిమా హాలు దాటాక అడిగింది.

"నీ గుర్రం పొద్దుకు ఎన్ని మైళ్లు నడుస్తది?"

"ఇరవై. గట్టిగ కొడితె పాతిక."

లెక్క వేసుకుందేమో, నాకు తెలియదు. రెజిమెంటల్ బజార్‌లో ఆపమంది. రోసమ్మ గడపలో బియ్యం చెరుగుతోంది.

"రోసమ్మా, డిసెంబరుల పిలుపు ఏదన్న వస్తె ఒప్పుకో."

"అదేంది, నజ్మ వస్తలేదా?"

"ఆడ సుత మంచి మంత్రసానులున్నరంట. గా ఏరోడ్రం ఆయన చెప్పిండు."

రోసమ్మ చేట పక్కన పెట్టి నా వైపు చూసింది. ఏరోడ్రంలో ఆ మాట ఎవరూ అనలేదు. నేను అవునని తల ఊపాను.