తొమ్మిది గళ్ళ మడత

శుక్రవారం ఉదయం ఏడు గంటలకు గంజమ్మ మొదటి నీళ్ళు గులాబీ మొక్క మొదట్లో పోసింది. పోశాక గిన్నెను బోర్లించి పట్టుకుని, చివరి చుక్క రాలేదాకా నిలబడింది.

ఆ గిన్నెలో రాత్రంతా నానినవి చర్చి గుడ్డలు. ఆదివారం పూజలో ఫాదర్ పాత్ర తుడిచినవి కొన్ని, పీఠం మీద పాత్ర కింద పరిచినది ఒకటి. వాటికి ద్రాక్షారసపు తడి ఉంటుంది, అప్పం పొడి ఉంటుంది. అవి ప్రభువు రక్తమూ శరీరమూ అని నమ్మేవాళ్ళు ఆ నీళ్ళను తూములో పోయరు, మట్టిలో పోస్తారు. సబ్బు ముట్టుకునేది ఆ తర్వాతే.

ఆమె అసలు పేరు బాప్తిస్మం పుస్తకంలో ఉంది. పిలిచేవాళ్ళు లేరు. గుడ్డలకు గంజి పెడుతుంది కాబట్టి ఎవరో ఎప్పుడో గంజమ్మ అన్నారు, అది నిలబడిపోయింది. తన ఎదురుగా ఎవరూ అలా అనరని ఆమె చాలాకాలం అనుకుంది. తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆమె ఆ పేరుకే పలికింది.

"గంజమ్మా, నీ గుడ్డలు నిలబెడితే వాటంతటవే నడుచుకుంటూ పీఠం ఎక్కేట్టున్నాయి," అన్నాడు చర్చి గంట కొట్టే గంటాయన, మెట్ల మీద చీపురు ఆనించి.

"ఎక్కితే టైముకి ఎక్కుతాయి. నీ గంటలాగా కాదు."

గంటాయన నవ్వి చీపురు అందుకున్నాడు. ఏళ్ళ తరబడి వాళ్ళ పొద్దు ఇలాగే మొదలవుతోంది.

గది చర్చి వెనక ఉంది. ఒక కుళాయి, ఒక తొట్టి, గోడకు దండెం, కిటికీ పక్కన ఇస్త్రీ బల్ల. ఆ బల్ల ఆమె నడుము ఎత్తుకు కొలిచి చేయించినది. పెళ్ళి చేసుకోలేదు. తల్లి మంచాన పడ్డాక తల్లి చేసే ఈ పని తనకు వచ్చింది. పగలు ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఉతికేది, శుక్రవారం మాత్రం ఆలస్యంగా వెళ్ళేది. హోటల్ పని మానేసి చాలాకాలమైంది. తమ్ముడి కూతురు ఇంట్లో ఒక గదిలో ఉంటుంది. మారిన ప్రతి ఫాదరూ ఒక వాషింగ్ మిషన్ కొనిస్తానన్నాడు. ఆమె ప్రతిసారీ సరేనంది. ఎవరూ కొనలేదు, ఆమె అడగలేదు.

తొమ్మిది దాటాక పిల్లల తల్లి వచ్చింది, వెంట ముగ్గురు పిల్లలు. పెద్దవాడు, నడిపిది, చిన్నది. వాళ్ళు బడికి వెళ్ళరు. తల్లే ఇంట్లో చెబుతుంది. విచారణలో, అంటే ఈ చర్చి కిందికి వచ్చే కుటుంబాల్లో, అలాంటి ఇళ్ళు ఇంకొన్ని ఉన్నాయి. ఆ తల్లులంతా కలిసి పిల్లల చేత బ్యాడ్జీల పాఠాలు చేయిస్తారు. ఒక్కో బ్యాడ్జికి ఒక పునీతుడి కథ చదవాలి, ఒక ప్రార్థన నేర్చుకోవాలి, చేత్తో చేసే పని ఒకటి రావాలి. పని నేర్పినవాళ్ళు వచ్చిందంటేనే బ్యాడ్జి. రూపాయి కాసు కంటే కొంచెం పెద్ద గుండ్రటి గుడ్డ ముక్క, మీద బొమ్మ కుట్టి ఉంటుంది. దాన్ని భుజం మీంచి వేలాడే పట్టీకి కుడతారు. రొట్టె కాల్చినవాళ్ళకు రొట్టె బొమ్మ, నక్షత్రాలు గుర్తుపట్టినవాళ్ళకు నక్షత్రం. పీఠం గుడ్డలు ఉతికి మడవడం వచ్చినవాళ్ళకు మడిచిన తెల్లగుడ్డ బొమ్మ.

పెద్దవాడికి ఆ బ్యాడ్జి ఎప్పుడో వచ్చింది. పని వచ్చిందని గంజమ్మ చెప్పిన రోజునే థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత శుక్రవారాలు వాడు ఆవరణలో బంతి ఆడుకుంటున్నాడు కానీ గది గడప తొక్కలేదు. చిన్నది క్లిప్పులు అందించడమే దాని వయసుకు చాలన్నారు. అదీ అన్న వెనకాలే పోయింది. మిగిలింది నడిపిది.

"పెద్దమ్మా, ఈ ఆదివారం పూజయ్యాక బ్యాడ్జీలు ఇస్తారు," అంది తల్లి గుమ్మంలో నిలబడి. "దీనికి ఈ రోజైనా అవుతుందంటావా?"

"చూద్దాం."

"ఇంట్లో రుమాళ్ళన్నీ తొమ్మిది గళ్ళ మడతే. మొన్న వాళ్ళ నాన్న చొక్కా కూడా అలాగే మడిచింది. ఆయన ఆఫీసుకి గళ్ళ చొక్కా వేసుకెళ్ళాడు."

నడిపిది నవ్వలేదు. తల్లి చిన్నదాన్ని చంకనెత్తుకుని ఆవరణలోకి వెళ్ళింది.

పాత్ర కింద పరిచే గుడ్డ నలుచదరంగా ఉంటుంది. ముందు అంచు మూడో వంతు లోపలికి మడవాలి, వెనక అంచు దాని మీదికి రావాలి. తర్వాత కుడి, తర్వాత ఎడమ. విప్పితే తొమ్మిది గళ్ళు కనిపిస్తాయి. ప్రతి మడతా లోపలికే పడాలి. పూజలో రాలిన పొడి ఏదైనా ఉంటే బయటకు జారకుండా గుడ్డలోనే ఉండడానికి ఆ ఏర్పాటు. ఒక్క మడత బయటికి పడినా ఏర్పాటు చెడినట్టే.

నడిపిది ఇస్త్రీ పెట్టె పక్కకు జరిపి, గుడ్డ పరిచి, మడిచింది. చేతులు తొందరపడలేదు. అంచు మీద అంచు పెట్టి బొటనవేలితో గీరింది. నాలుగో మడత వేసి అరచేత్తో నొక్కి, చేతులు వెనక్కి తీసుకుంది.

గంజమ్మ వంగి చూసింది. మడత సరిగ్గా ఉంది. పోయిన శుక్రవారం కూడా సరిగ్గానే ఉంది. అంతకు ముందు శుక్రవారమూ అంతే. రెండో వారంలోనే ఈ పిల్లకు పని పట్టుబడింది. ఆ సంగతి ఈ గదిలో ఒక్క మనిషికే తెలుసు. వచ్చిందని ఒక్క మాట అంటే ఈ పిల్ల కూడా ఆవరణలోకి వెళ్తుంది. అందుకని గంజమ్మ వారం వారం ఒక మూల వెతికేది, మూల పక్కకు పోయిందనేది, విప్పించేది. ఇంకో శుక్రవారం దొరికేది.

"ఈ మూల..." అంది.

పూర్తి కాకముందే పిల్ల మడత విప్పేసింది.

"మళ్ళీ పోయిందా," అంది. అడిగినట్టు లేదు. "స్కూల్లో మిస్ కూడా ఇట్లాగే చూసేది అమ్మమ్మా. ముందు పుస్తకం చూసేది. తర్వాత నన్ను చూసేది."

గంజమ్మ ఇస్త్రీ పెట్టెను ఇంకొంచెం పక్కకు జరిపింది.

"నాకు అక్షరాలు తిరగబడతాయి. అందుకే స్కూల్ మాన్పించారు. అమ్మ అంటుంది, నీకు చేతిపని బాగా వస్తుందని. అది ఊరికే అంటుంది." పిల్ల గుడ్డను మళ్ళీ పరిచింది. "నాకిది కూడా రాదులే. అమ్మకి నువ్వే చెప్పు. నేను చెబితే ఏడుస్తుంది."

పిల్ల అవతలి అంచు అందుకోవడానికి బల్ల మీదికి వాలింది. అప్పుడు గంజమ్మకు ఆ పాదాలు కనిపించాయి. మడమలు రెండూ గాలిలో ఉన్నాయి. బల్ల ఆమె ఎత్తుకు చేసినది. పిల్ల ఇన్ని వారాలూ మునివేళ్ళ మీదే నిలబడి మడుస్తోంది. మూలలు చూస్తూ కూర్చున్న మనిషి పాదాలు చూడలేదు.

గంజమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇందాక విప్పాల్సింది కాదు. నీ మడత బాగుంది."

"ఇప్పుడా?"

"ఎప్పటినుంచో. రెండో వారం నుంచి."

పిల్ల తల తిప్పింది. "మరి మూల పోయిందన్నావుగా?"

"పోలేదు. అబద్ధం చెప్పాను."

"చర్చిలో అబద్ధం చెప్తారా?"

ఇది చర్చి కాదు, చర్చి వెనక గది అనబోయింది గంజమ్మ.

"చెప్పకూడదు. నేను చెప్పాను."

"ఎందుకు?"

"మీ అన్నకి వచ్చిందన్నాను. మళ్ళీ ఈ గడప తొక్కలేదు. నీకూ వచ్చిందంటే నువ్వూ అంతేగా అనుకున్నాను."

పిల్ల సగం మడిచిన గుడ్డ కేసి చూసింది. తర్వాత దాన్ని అక్కడే వదిలి బయటికి వెళ్ళింది. పరిగెత్తలేదు. కిటికీలోంచి గంజమ్మకు తల్లి నడుము పట్టుకున్న పిల్ల వీపు కనిపించింది, వంగి వింటున్న తల్లి తల కనిపించింది.

తల్లి లోపలికి వచ్చేసరికి గంజమ్మ లేచి నిలబడి ఉంది.

"అది చెప్పింది నిజమేనా పెద్దమ్మా?"

"నిజమే."

"దాన్ని బడి మాన్పించిందే, నీకు రాదు అనే మాట దాని చెవిన పడకూడదని. ముగ్గురినీ ఇంట్లో పెట్టుకుని నేను నా ఉద్యోగం కూడా మానుకున్నాను. నువ్వు ఇక్కడ వారం వారం అదే మాట చెప్పావు." తల్లి గొంతు పెంచలేదు. "దేవుడి గుడ్డలు ఉతికే చేతులని తీసుకొచ్చాను."

"తప్పు చేశానమ్మా."

"రాత్రిళ్ళు దుప్పటి మడుస్తూ కూర్చునేది. పడుకోవే అంటే, మూల పోతోందమ్మా అనేది."

గంజమ్మ చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతికింది. చేతులు తడిగా లేవు.

"ఆదివారం దానికి బ్యాడ్జి ఇప్పించు," అంది. "వచ్చిందని ఫాదర్‌కి నేనే చెబుతాను. ఎందుకు ఆలస్యమైందో కూడా చెబుతాను."

"అది చెప్పక్కర్లేదు."

"చెబుతాను."

తల్లి గుమ్మం వైపు తిరిగింది. "వచ్చే శుక్రవారం సంగతి నన్నడగకు," అంది. "దాన్నే అడగాలి. నేను మాటివ్వలేను."

గంజమ్మ అడగలేదు. అడిగే హక్కు లేదనుకుందో, జవాబు వినే ధైర్యం లేదో.

వాళ్ళు గేటు దాకా వెళ్ళాక నడిపిది వెనక్కి వచ్చింది. ఎవరినీ పలకరించకుండా బల్ల దగ్గరికి వెళ్ళి, వదిలేసిన గుడ్డ ముడత సరిచేసి, మిగిలిన మడతలు పూర్తి చేసింది. మునివేళ్ళ మీదే.

"ఇది ఈ ఆదివారానికేనా?"

"ఈ ఆదివారానికే."

"ఫాదర్ మూలలు చూస్తారా?"

"చూడరు. విప్పి పరుస్తారంతే. నేను చూస్తాను, వెనక వరసలో కూర్చుని."

"అంత దూరం నుంచి నీకేం కనబడుతుంది?"

"కనబడదు. తెలుస్తుంది."

పిల్ల గుడ్డను అరచేత్తో ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం గంజమ్మ మిగతా గుడ్డలు ఇస్త్రీ చేసింది. పాత్ర తుడిచేవి పొడవుగా మూడు మడతలు వేసి ఒక దొంతరగా పెట్టింది. పిల్ల మడిచిన గుడ్డను అన్నిటి పైనా పెట్టింది. అంతకు ముందు ఎవరు మడిచినా విప్పి తాను మళ్ళీ మడిచేది. పెద్దవాడిదీ అలాగే చేసింది. దీన్ని విప్పలేదు. ఫాదర్ గదికి వెళ్ళి దొంతర అప్పగించి, పిల్లకు పని వచ్చిందని చెప్పింది. వారాల కిందటే వచ్చిందని, తనే దాచానని కూడా చెప్పింది. ఫాదర్ కూర్చోమన్నాడు. ఇంటికెళ్ళాలంది.

ఆ సాయంత్రం సంగతులు ఇద్దరు చెప్పినవి.

సాయంకాలం గంట కొట్టి దిగుతుంటే గంజమ్మ మళ్ళీ గేటులోంచి రావడం చూశానని గంటాయన చెప్పాడు. చంకలో ఏదో ఉంది, పాత తువ్వాలు చుట్టి ఉంది.

"పొద్దున చేసిన పని చాల్లేదా?" అని అడిగాడట.

"ఇది పని కాదులే. నీ గంట ఇవాళ టైముకే కొట్టావే, ఒంట్లో బాగుందా?" అందట.

వెనక గదిలో దీపం వెలిగింది, కాసేపటికి ఆరింది. తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయి. తాళంచెవి గంటాయన చేతికిచ్చింది. మామూలుగా తన దగ్గరే ఉంచుకుంటుంది.

అత్త ఎప్పటిలాగే తిన్నదని, మెడ నొప్పిగా ఉందన్నదని, మందు రాస్తానంటే వద్దని పడుకుందని మేనకోడలు చెప్పింది. శనివారం తెల్లవారి ఎంతసేపటికీ కుళాయి చప్పుడు కాకపోతే తలుపు తోసింది. డాక్టర్ వచ్చి గుండె ఆగిందన్నాడు, నిద్రలోనే పోయి ఉంటుందన్నాడు.

ఆదివారం పూజలో ఫాదర్ దొంతర పైనున్న గుడ్డ తీసి పీఠం మీద విప్పాడు. వెనక వరస చివర ఎవరూ కూర్చోలేదు. పూజయ్యాక పిల్లలను వరసగా పిలిచి బ్యాడ్జీలు ఇచ్చారు. నడిపిది తన వంతు రాగానే వెళ్ళి తీసుకుంది, వచ్చి తల్లి పక్కన కూర్చుంది. మధ్యాహ్నం సమాధుల తోటలో గంజమ్మను పూడ్చారు. పెట్టె మీద పరిచిన తెల్లగుడ్డకు గంజి లేదు. గంటాయన దాన్ని రెండుసార్లు సర్దాడు, అది మళ్ళీ జారింది.

శుక్రవారం ఉదయం తొమ్మిది దాటాక పిల్లల తల్లి చర్చికి వచ్చింది. రావాలన్నది నడిపిదే. ఆదివారం గుడ్డలు ఉతకనివి అలాగే ఉన్నాయి కదా, ఎవరు ఉతుకుతారు అని ముందురోజు అడిగింది.

గంటాయన తాళం తీశాడు. వారం రోజులుగా ఆ గది ఎవరూ తెరవలేదు. పిల్ల ముందుగా లోపలికి వెళ్ళి, బల్ల దగ్గర ఆగింది.

ఇస్త్రీ బల్ల ముందు నేల మీద ఒక చెక్క పీట ఉంది. జారకుండా దాని కింద పాత తువ్వాలు మడిచి పెట్టి ఉంది.