పాల తెలుపు

రేపు పొద్దున బాపట్ల చర్చిలో జెన్నిఫర్ పెళ్లి. కట్టుకోబోయేది చనిపోయిన వాళ్లమ్మ పెళ్లినాటి తెల్లపట్టు చీర. దానికి ఎలుక కొట్టిన చిల్లి. అందుకే రేపల్లె నుంచి చీర పట్టుకుని తెనాలిలో చిరుగులకు పోగులల్లి పూడ్చే రఫ్ఫు పని చేసే కృపమ్మ దగ్గరికొచ్చింది. ఆ పోయిన మనిషి కృపమ్మకు చిన్ననాటి నేస్తం.

చూపు మందగించాక కృపమ్మ కరెంటు సామాన్లమ్మే కిరీటి కొట్లో అన్నిటికన్నా వెలుగెక్కువున్న ఎల్‌ఈడీ లైటు కొని, పనిబల్ల పైన నడినెత్తిన వేలాడదీయించింది. దాని కింద కొత్త తెల్లదారంతో చిల్లి పూడ్చి, కలిసిపోయిందనుకుంది. వసారాలో ఎండకు పట్టేసరికి తేడా బయటపడింది. చీర పాలమీగడ రంగు. అతుకేమో నీలిమందు పెట్టిన చొక్కాలా ఉంది.

"సాయంత్రం బండికి బాపట్ల చేరాలి పిన్నీ," అంది జెన్నిఫర్.

కృపమ్మ అతుకు ఊడదీసి కిరీటికి ఫోన్ చేసింది.

"నువ్వంటగట్టిన లైటు నా పరువు తీసిందిరా!"

"క్రికెట్టాడుకునేంత వెలుగు కావాలన్నది నువ్వే కదా పెద్దమ్మా!" అంటూనే వచ్చాడు. బట్టల షాపుల్లో పెట్టే లైటు తెచ్చాడు. రంగుల్ని ఎండలో ఉన్నట్టే చూపిస్తుందట.

"నెత్తిన పెట్టకు. నా చెయ్యే నాకు నీడవుతోంది. ఎడం పక్కన, కిందికి వంచు."

పట్టు మీద వెలుగు తళుక్కుమంటుంటే దీపానికి బటర్ పేపర్ చుట్టింది. వెలుతురు చీర మీద ఏటవాలుగా పారింది. పోగులన్నీ నాట్లేసిన మళ్లలో వరుసల్లా లేచి నిలబడ్డాయి.

చీర చిల్లికి చీర పోగే వెయ్యాలని ఆమెకు తెలియక కాదు. పోగు కనబడక కొత్తదారం వాడింది. ఇప్పుడు కట్టినప్పుడు కనబడని లోచెంగు నుంచి ఒక్కో పోగూ లాగింది. లాగినప్పుడల్లా, పెళ్లయిన నాడు నేస్తం ఎక్కిన రైలు తెనాలి స్టేషన్లో కాస్త కదిలినట్టుంది. కిటికీలోంచి ఇదే చీర చెంగు ఊగుతోంది, "వచ్చే వారం వస్తానే" అంటోంది. సూది ఆగింది. ఇది పూర్తయితే ఆ బండి మళ్లీ వెళ్లిపోతుంది.

"పిన్నీ, టైమవుతోంది."

చివరి పోగు వేసి, చీర చేతికిచ్చింది. జెన్నిఫర్ ఎండలోకి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూసింది.

"చిల్లి ఎక్కడుండేది పిన్నీ?"

కృపమ్మ కూడా వెతికింది. వేళ్లతో తడిమింది. ఎంతకీ దొరకలేదు.

"ఏమోనే," అంది, చీర అంచు ఇంకా వదలకుండా. "పద, బండెక్కిస్తాను."