ఇరవై సెకన్ల విశ్రాంతి

మరమగ్గాల షెడ్డులో సాంచ నడుపుతూ నూలు కండె అందుకొమ్మని చెప్పబోయి "చెంబు అందుకో" అన్నాను. పక్క సాంచ మీదున్న రామచంద్రం నీళ్ల చెంబు తెచ్చిచ్చాడు. మూడు రోజుల్లో అట్లా నాలుగు చెంబులు వచ్చాయి. అయిదో రోజు కరీంనగర్‌లో స్కానింగు తీస్తే తలలో ఎడమ పక్క గడ్డ ఉందని తేలింది.

గడ్డ తీయొచ్చు కానీ అది మాటలు పుట్టే జాగాకు దగ్గర్లో ఉందని పెద్ద డాక్టరు చెప్పాడు. ఆ జాగా అందరికీ సరిగ్గా ఒకేచోట ఉండదట. నాకు ఎక్కడుందో తెలిస్తే గడ్డ మొత్తం తీస్తాడు. తెలియకపోతే కొంచెమే తీసి మిగతాది వదిలేస్తాడు. అది తెలుసుకోవడానికి ఇంకో రకం ఎమ్మారై తీయాలన్నాడు.

ఆ ఆదివారమే వేములవాడ పోయి రాజన్న దేవుడి గుడిలో కోడెదూడను కట్టి మొక్కాము. మాట పోయేదే అయితే, పోయేలోపు ఉన్న మాటంతా ఆయనకే ఇస్తానని, ఆపరేషన్ దాకా ఖాళీ దొరికితే చాలు ఆయన పేరే తలుస్తానని మొక్కుకున్నాను.

"మంచిదే. గట్లన్న నాతోని కొట్లాడుడు జర తగ్గుతది" అన్నది నా భార్య శంకరవ్వ.

స్కానింగు డాక్టరు మమతారాణి నన్ను మిషన్‌లో పడుకోబెట్టి చెప్పింది. "కళ్ల ముందు బొమ్మలు వస్తాయి. ఏ బొమ్మ వస్తే దాని పేరు మనసులో అనుకోండి, నోరు కదపొద్దు. తెర నల్లబడితే ఇరవై సెకన్లు విశ్రాంతి. మళ్లీ బొమ్మలు."

వంకాయ వచ్చింది. మనసులో వంకాయ అన్నాను. కత్తెర, మేక, గొడుగు. తెర నల్లబడింది. విశ్రాంతి అంటే ఖాళీ, ఖాళీ అంటే రాజన్నది. మిషన్ కూడా మా సాంచ లాగానే టకటకమంటోంది, జపానికి తాళం కుదిరింది. ఒక్క విశ్రాంతిని కూడా వృథా పోనివ్వలేదు. పరీక్ష బాగా రాసినవాడిలా బయటికి వచ్చాను.

మమతారాణి కంప్యూటరు వైపు చాలాసేపు చూసింది. "మాట్లాడే చోటు కనబడలేదండీ."

శంకరవ్వ మొహం పాలిపోయింది. "గడ్డ తిన్నదా అమ్మా? ఇగ మాట రాదా?"

"అది కాదమ్మా. బొమ్మలప్పుడు మెదడు ఎట్లా పనిచేసిందో విశ్రాంతిలోనూ అట్లాగే చేసింది. రెండింటికీ తేడా ఉంటేనే ఆ చోటు బయటపడుతుంది." నా వైపు తిరిగింది. "విశ్రాంతిలో ఏం చేశారు?"

"జపం చేసిన" అన్నాను, కొంచెం గర్వంగానే.

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "అంటే విశ్రాంతే తీసుకోలేదు. ఇంకోసారి తీద్దాం. ఈసారి తెర నల్లబడితే ఏమీ అనుకోవద్దు. దేవుడి పేరు కూడా."

"దేవుని పేరు తలువద్దంటే ఎట్లమ్మా? మొక్కున్నది."

"మొక్కును ఈ గది బయట పెట్టి రండి" అని ఆమె లోపలికి పోయింది.

మొక్కు తప్పితే రాజన్న ఏమంటాడో. తప్పకపోతే గడ్డ తలలోనే ఉంటుంది. పైగా ఏమీ అనుకోకుండా ఉండటం ఎట్లాగో నాకు తెలియదు. ఆ మాటే శంకరవ్వతో అన్నాను.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నీకు తెల్వకపోవుడేంది? పొద్దుందాక నేను మాట్లాడుతుంటే నువ్వెట్లుంటవ్? గట్లనే పండు. ముప్పై ఏండ్ల సంది చేస్తనే ఉన్నవ్."

"గప్పుడు నేను వింటనే ఉంట."

"అయితే పొద్దుగాల బస్సుల నేనేం చెప్పిన్నో చెప్పు."

తల ఎడమ పక్క చెయ్యి పెట్టుకున్నాను.

"గడ్డ మీదికి తొయ్యకు" అన్నది.

రెండోసారి తెర నల్లబడగానే నాలుక చివరికి రాజన్న పేరు 'రా' దాకా వచ్చింది. ఆపుకున్నాను. శంకరవ్వ ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు ఊహించుకున్నాను. అంతే, తల నిశ్చింతగా ఖాళీ అయింది. మళ్లీ వంకాయ వచ్చేదాకా నేనెక్కడున్నానో నాకే తెలియదు.

ఈసారి మమతారాణి మమ్మల్ని పిలిచి పటం చూపించింది. "ఎర్రగా ఉన్నది మాట. ఇది గడ్డ. మధ్యలో వేలు పట్టేంత సందు ఉంది. ఇంత మంచి విశ్రాంతి నేను ఈ మధ్య చూడలేదు."

"నేను చూసిన" అన్నది శంకరవ్వ.

నాకొక సందేహం మిగిలింది. "దేవుని పేరు తలిచే జాగ ఏదమ్మా?"

"అదీ మాటే కదండీ. ఇక్కడే" అని ఆ ఎరుపు మీదే వేలు పెట్టింది.

"మరి వంకాయది?"

"అదీ ఇక్కడే."

దేవుడికి లోపల పూజగదిలా వేరే అర్ర ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. వంకాయ, మేక, రాజన్న అందరూ ఒకే అర్రలో ఉన్నారు. ఈ ఏర్పాటు చేసింది ఆయనే కదా మరి. అటువంటప్పుడు ఇరవై సెకన్లు అర్ర ఖాళీ చేసినందుకు నా మీద కోపం తెచ్చుకుంటాడా? ఎవరిని అడగాలో తెలియలేదు.

పెద్ద డాక్టరు పటం చూసి గడ్డ మొత్తం తీస్తానన్నాడు, ఆపరేషన్ శుక్రవారం పెట్టాడు. ఒప్పుకోలు కాగితం మీద నా పేరు రాశాను. శంకరవ్వ దాన్ని లాక్కుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసింది.

"కైలాసం. సరిగ్గనే రాసిండు" అని డాక్టరుకు చెప్పింది, నేను అక్కడ లేనట్టు.