క్వారీ వైపు వెలుగు

సాగర్ డ్యాం పనులు మొదలైన మరుసటేడు, చలికాలం. పిడుగురాళ్ల క్వారీలో రాళ్లు పేల్చే యోహాను ఆ సాయంత్రం గుడిసెలో కుదురుగా ఉండలేకపోతున్నాడు. పని ముగిసే వేళ పెట్టిన తూటాల్లో ఒకటి పేలలేదు. అట్లా మొండికేసిన తూటా దగ్గరికి తెల్లవారేదాకా ఎవరూ పోకూడదని క్వారీలో కట్టుబాటు. అతని భార్య హన్నమ్మేమో క్వారీ అవతల రూతమ్మ ఇంటికి ప్రార్థనకు పోయింది.

పోయేటప్పుడు గట్టిగానే చెప్పాడు.

"ఏమే, క్వారీలో పడి రామాక. రోడ్డెమ్మట చుట్టు తిరిగి రా. లోపల పేలని తూటా ఉంది."

"సరేలేవయ్యా, చాదస్తం చానా ఎక్కువైంది నీకు."

అడ్డదారి కనిపిస్తే ఆగే మనిషి కాదు హన్నమ్మ. యోహాను నీళ్లు ముంచుకుంటాడు, తాగకుండానే గడపలోకి పోతాడు, మళ్లీ లోపలికొస్తాడు.

కుండ మీద వంగి ఉండగా తాటాకు సందుల్లోంచి తెల్లటి వెలుగు లోపల పడింది. గిన్నెలు, కోళ్లగంప, తన చేతివేళ్లు పట్టపగల్లా కనిపించి మళ్లీ చీకట్లో కలిసిపోయాయి. అతను తేరుకునేలోగా క్వారీ వైపు నుంచి నేల అదిరేటంత మోత.

తూటా పేలితే వెలుగూ మోతా ఒక్కసారే వస్తాయని రోజూ చూసే మనిషికి ఆ క్షణాన తోచలేదు. గడపలో సన్నగా వెలుగుతున్న లాంతరు అందుకుని పరిగెత్తాడు.

"హన్నా! ఏమే హన్నా!"

క్వారీలోకి దిగి రాళ్ల మధ్య వెతికాడు. మందు వాసన లేదు. కొత్తగా విరిగిన రాయి లేదు. లాంతరు వెలుగులో తూటా బెజ్జం పని ముగిసినప్పుడు ఉన్నట్టే ఉంది, వత్తి కొస బయటికి వేలాడుతూ.

"ఎవురది? నువ్వేనా?" రోడ్డు మీంచి హన్నమ్మ గొంతు. "నన్ను చుట్టు తిరిగి రమ్మని, నువ్వు దీపం పట్టుకుని తూటా నెత్తిన నిలబడ్డావేంది! రా పైకి!"

యోహాను చేతిలోని లాంతరు వంక చూసుకున్నాడు. దాన్ని వీలైనంత ఎడంగా పట్టుకుని, వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ పైకెక్కాడు.

"ఆకాశంలో ఎంత నిప్పు! రాలే చుక్క మాదిరి తోక ఈడ్చుకుంటా మాచర్ల దిక్కు పోయింది. తర్వాత ఆ ఉరుము! రూతమ్మొదినైతే ప్రభువు వచ్చేశాడని మోకాళ్లేసింది. చూశావా?"

"చూడలా."

"ఊరంతా చూస్తే నువ్వు చూడలా?"

"చూడలేదులే. నువ్వు చెప్పు."

చెప్పిన మాట ఎన్నడూ వినని మనిషి ఆ ఒక్క సాయంత్రం వింది. ఇల్లు చేరేదాకా ఆమె ఆకాశం వంక చెయ్యి చూపిస్తూ చెబుతూనే ఉంది. యోహాను తలెత్తలేదు. ఆమె పాదాల ముందు లాంతరు పట్టి నడిచాడు.